అంచు కోసిన ఫోటోలు

8 సెప్టెంబర్ 2018, పీళమేడు

ఈ డైరీ తెలుగులో. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. చదవడం మాత్రం నాకు తప్ప ఎవరికీ రాదు. బీరువాకు తాళం అక్కర్లేదు.

కొడైకెనాల్‌లో నీలకురింజి పూసిందట. 2006లో పూసినప్పుడు ఆఫీసులో ఆడిట్.

అవ్వ: "యాడికిరా పోయేది?" చెప్పా. "పన్నెండేండ్లకు ఒకతూరి పూసేదానికి ఇంత తొందరేమి?"

9 సెప్టెంబర్, కొడైకెనాల్

కురింజి ఆండవర్ గుడి. 1936లో కట్టించింది ఒక తెల్ల దొరసాని. లోపల మురుగన్. బయట క్యారెట్లు, సెల్ఫీ కర్రలు.

పొద్దు గుంకేది ఆరున్నరకు కాస్త ముందు. ఆపైన ఇరవై నిమిషాల వెలుతురు. అందులో సగానికి పైగా మంచు తినేసింది.

గాలి. ఒక సెకను ఎక్స్‌పోజర్. కొండ కదలకుండా నిలబడింది. పూలు వినలేదు.

ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే కెమెరా కొండను సరిదిద్దుతోంది. నీలం ఎక్కువైందని దాని అభిప్రాయం.

పక్కన ఒకావిడ, ఎర్ర శాలువా. చీకటి పడేసరికి శాలువా నల్లబడింది. పూలు ఇంకా నీలంగానే ఉన్నాయి. మసకలో కంటికి ఎరుపు ముందు పోతుంది, నీలం ఆఖర్న. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త సుమారు రెండొందల ఏళ్ళ కిందటే రాసిపెట్టాడు. ఆవిడ భర్తకు చెప్పా. శాలువా కొత్తదన్నాడు.

టార్చి వేసి ఒక పువ్వు చూశా. చిన్న గంట. అడుగున తేనెటీగ. వెలుతురు పడినా కదల్లేదు. చలి కాబోలు.

13 సెప్టెంబర్, చవితి

కుడుములు. ఫోటోలు కంప్యూటర్లో వేసి చూశా. కుడి పక్క వాటిల్ చెట్లు. కోశా. ఇంకోదాంట్లో ఎడమ పక్క. కోశా. మరోదాంట్లో పైన యూకలిప్టస్. కోశా. మిగిలింది పోస్ట్‌కార్డు.

పళని కొండల పళియర్లు వయసును కురింజి పూతలతో లెక్కపెట్టేవాళ్ళట. అవ్వకు చెప్పా. "అట్లయితే నాకు ఏడే" అంది. రెండోసారి కుడుములు పెట్టింది.

16 సెప్టెంబర్

మామ పాత ఆల్బమ్ తెచ్చాడు. 1982 కురింజి. 'ఇందు' రోలు మీద తీసింది. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు 1967 నుంచి చేసిన ఫిల్ము. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు. ఫోటో ఉంది.

నలుపు తెలుపు. వాలు పొడుగునా బూడిద రంగు పూలు.

"నీలం నాకు గుర్తుండాదిలే" అన్నాడు.

నేను నిలబడిన వాలేనట. ఒక్క చెట్టు లేదు. అంచు కోశావా మామా అంటే, కోసేకి ఏముండాది అన్నాడు.

22 సెప్టెంబర్, మదురై

పెరటాసి తొలి శనివారం. పెద్దమ్మ ఇంట్లో తళిగ. చక్కెర పొంగలి అయ్యాక ఎవరూ ఎక్కడికీ కదల్లేదు.

సాయంత్రం తిరుమల నాయకర్ మహల్. 1636. కట్టించినాయన ఇంటి భాష తెలుగు. సౌండ్ అండ్ లైట్ షో ఇంగ్లీషులో ఒకటి, తమిళంలో ఒకటి. తమిళందానికి కూర్చున్నా. వెలుతురు స్విచ్చి మీద వస్తుంది, పోతుంది. గాలి లేదు. మంచు లేదు. ఫోటోలు తీయొద్దన్నారు.

6 అక్టోబర్, పీళమేడు

ఒక ఫోటో అంచు కోయకుండా ప్రింటు వేయించా. పువ్వు కింద మూడో వంతు. మిగతాదంతా వాటిల్. తెల్లవాళ్ళు ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన చెట్టు. దాని బెరడు తోళ్ళు ఊనడానికి పనికొస్తుంది. అందుకని కొండల మీద నాటారు. ఇప్పుడు ఎవరూ నాటకుండానే మొలుస్తోంది, గడ్డి ఉన్నచోటల్లా. కురింజికి కావలసిందీ ఆ గడ్డి నేలే.

ఫ్రేమ్ కొట్టతను పైన చెట్లు కోసేద్దామా అన్నాడు. వద్దన్నా. సైజు పెరిగిందని రేటు పెంచాడు.

అవ్వ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "చెట్లు బాగుండాయి" అంది.

వాటిల్‌కు పన్నెండేళ్ళు అక్కర్లేదు. ఏటా పూస్తుంది.