ఐదో టిక్కెట్టు

మా మొయినాబాద్ వాళ్ళకు పెద్ద నీళ్ళంటే గండిపేట, హిమాయత్‌సాగర్‌లే. ఈసారి పిల్లలు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కు పోదామని పట్టుబట్టారు. బియ్యం డబ్బాలో ఆర్నెల్లుగా దాచినవి 6,000 రూపాయలు. మేం ఐదుగురం.

రైలు స్లీపరు, బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆటో, ఒక రాత్రికి గది. ఎన్నిసార్లు కూడినా 6,000 దాటుతోంది. రైల్లో పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు కదా, అత్తమ్మకూ పూర్తి టిక్కెట్టే. "నేనెందుకమ్మా, బర్రెకు గడ్డి ఎవరేస్తారు?" అన్నారావిడ. హమ్మయ్య అనుకుని ఐదును నాలుగు చేశాను. మీకు చెప్పడానికీ సిగ్గుగానే ఉంది.

ఆ రాత్రి మా చిన్నదాన్ని అడుగుతున్నారు: "అవునే, సముద్రానికి అవతలి గట్టు కనపడదా?"

పొద్దున్నే గది కొట్టేశాను. శుక్రవారం రాత్రి రైలెక్కి, శనివారం రాత్రికే తిరుగు ప్రయాణం. హోటలు భోజనం బదులు పులిహోర, సకినాలు. (పులిహోరకు చింతపండే వాడండి, మర్నాటికీ బాగుంటుంది.) బర్రెను పక్కింటావిడ చూసుకుంది, ఆ రోజు పాలు ఆవిడకే.

డబ్బాలో 340 మిగిలాయి. పొద్దున అలలకు దూరంగా కూర్చున్న అత్తమ్మ మధ్యాహ్నానికి మోకాళ్ళ లోతులో ఉన్నారు. ఇంక లోపలికి పోవద్దని పిల్లలే కేకలు!