వెనుకనుంచి వచ్చేవారి మర్యాద

మా తాతగారు నెల్లూరు సీమనుంచి చెన్నపట్నం వచ్చి తిరువల్లిక్కేణిలో కాపురం పెట్టినది మొదలు మా ఇంట సముద్రమే పెరడు. తాతగారు సాయంకాలం గాలికి పోయేవారు. నాన్నగారు ఆదివారాలు మాకు సుండల్ కొనిపెట్టడానికి తీసుకుపోయేవారు. నేను మాత్రం నలభై నాలుగో ఏట, డాక్టరుగారు నా రక్తంలోని చక్కెర లెక్క చూపి మందలించిన మీదట, తెల్లవారుజామున పరుగెత్తడానికి పోతున్నాను. ఇరవై ఏళ్లు ఆఫీసు కుర్చీని అంటిపెట్టుకున్న గుమాస్తా పరుగు ఎలా ఉంటుందో చదువరులే ఊహించుకోవచ్చును. మొదటి వారం కుక్కలు కూడా నన్ను లక్ష్యపెట్టలేదు.

మెరీనా చూడనివారికోసం నాలుగు మాటలు. గవర్నరు గ్రాంట్ డఫ్ 1884 ప్రాంతాల ఈ విహారపథం వేయించి, ఇటలీవారి మాట తెచ్చి దీనికి పేరు పెట్టినాడు. ఉత్తరాన నేపియర్ వంతెన మొదలుకొని దక్షిణాన దీపస్తంభం దాకా సుమారు 3 కిలోమీటర్లు. ఉత్తరపు కొసకు దగ్గరలో బండరాతిని కదలించే నలుగురు శ్రామికుల విగ్రహం ఉన్నది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ విగ్రహాన్నీ, ఆయనదే అయిన గాంధీగారి విగ్రహాన్నీ 1959 లో ఇక్కడ నిలిపినారు. ఆ నలుగురినీ చూచినప్పుడల్లా, నేను లాగవలసినది నా బొజ్జ ఒక్కటే కదా అని ధైర్యం చెప్పుకుంటాను.

అయిదు గంటలకే అక్కడ ఒక ఊరు లేచి ఉంటుంది. మఫ్లరు చుట్టుకున్న పెద్దలు, చేతులు ఊపుకుంటూ నడిచే గృహిణులు, పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పిల్లలు. మగపిల్లలు 1500 మీటర్లు 7 నిమిషాలలో పరుగెత్తాలి, ఆడపిల్లలు 400 మీటర్లు రెండున్నర నిమిషాలలో. మే నెలాఖరున అయిదూ నలభైకే సూర్యుడు నీళ్లమీద కనబడతాడు కాని, జనవరిలో ఆరున్నర దాటితేగాని రాడు. అంటే చలికాలంలో మేము పరుగెత్తేది రాత్రిలోనే అన్నమాట.

అటువంటి ఒక ధనుర్మాసపు తెల్లవారుజామున, పార్థసారథిస్వామి గుడినుంచి తిరుప్పావై వినవస్తూండగా బయలుదేరినాను. దీపం వెలగని ఒక చోట, నాకు పది గజాల ముందు ఒకావిడ నడుస్తున్నది. నాకు ఆయాసం వచ్చి, ఆవిడను దాటిపోలేక, ఆవిడ వెనుకనే కాళ్లు ఈడ్చుకుంటూ పోతున్నాను. ఆవిడ అడుగు వేగం పెంచింది. బాగున్నది, ఈవిడ వెంట పడితే నా పరుగు కూడా చక్కబడుతుందనుకుని నేనూ పెంచినాను! కొలిమితిత్తి వంటి నా ఊపిరి చప్పుడు నాకు తెలియలేదు. కొంత దూరం పోయి ఆవిడ చటుక్కున ఆగి, చేతిసంచి గుండెకు అదుముకుని, నావైపు తిరిగి నిలబడింది. అప్పటి ఆవిడ ముఖం నేను మరువలేను. ఏదో గొణిగి దాటిపోయినాను.

ముందరి బెంచీమీద కూర్చున్న ఒక పెద్దాయన ఇదంతా చూచినాడు. “తంబీ, వెనుకనుంచి వచ్చేవాడు మంచివాడో కాదో ముందు పోయేవాళ్లకు ఎలా తెలుస్తుంది?” అని తమిళంలో అడిగినాడు. నాకు కోపం వచ్చింది. నేనేం చేశానని? గొలుసు దొంగనా? ఇంటికి పోయి అమ్మతో చెబితే ఆమె నవ్వలేదు. “మీ తాతగారు సొంత ఇంటి పెరట్లోకి రావాలన్నా దగ్గి మరీ వచ్చేవారురా” అన్నది.

ఆ మాటతో నా కోపం దిగింది. గుమాస్తాను గనుక లెక్క వేసినాను. నడిచేవారు గంటకు 5 కిలోమీటర్లు, నేను 8. ఇరవై మీటర్ల ఎడం నేను పూడ్చడానికి 24 సెకన్లు. చీకట్లో వెనుకనుంచి అడుగుల చప్పుడు దగ్గరవుతూంటే 24 సెకన్లు తక్కువ కాలం కాదు.

నాటినుంచి నాకు నేనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. ముందు మనిషి ఉన్నప్పుడు దూరంలోనే పక్కకు తప్పుకుని, గొంతు సవరించుకుని, రెండు బారల ఎడంగా దాటాలి. దాటినాక వేగం తగ్గించి వారి ముందు అడ్డుపడరాదు. దాటలేకపోతే బాగా వెనుకబడి నిలవాలి గాని మడమలు తొక్కుతూ పోరాదు. దీపస్తంభం దాటితే నొచ్చికుప్పం. అక్కడ ఇసుక జాలరుల పని చోటు. ఆరబెట్టిన వలను దాటక చుట్టి పోవాలి. భయపడేవారిది తప్పు కాదు. భయం లేదని తెలియజేయవలసిన పూచీ వెనుక వచ్చేవానిది.

ఇది నిజంగా అర్థమయినది మాత్రం కిందటి ఏడు. మా అమ్మాయి పోలీసు ఎంపికకు దరఖాస్తు పెట్టి నాతో రావడం మొదలుపెట్టింది. నన్ను విడిచి ముందుకు దూసుకుపోయేది. ఒకనాటి చీకట్లో అది నూరు గజాల ముందున్నది. ఒక యువకుడు నన్ను దాటి దానివైపే వేగంగా పోతున్నాడు. పిలుద్దామంటే నాకు ఊపిరి లేదు. ఆనాటి ఆవిడ ముఖం కళ్లముందు నిలిచింది. అంతలో ఆ అబ్బాయి, ఇంకా చాలా దూరం ఉండగానే, కుడి అంచుకు జరిగి, “అక్కా, వలదు పక్కం!” అని కేకవేసి దాటిపోయినాడు. మన భాషలో ‘వలదు’ అంటే వద్దని. తమిళంలో కుడి అని. నాకు ఆ క్షణాన రెండు భాషలలోనూ భయం వలదనే వినిపించింది. అమ్మాయి తల తిప్పకుండానే చెయ్యి ఎత్తింది.

ఆ ఆవిడ ఇప్పటికీ వస్తూనే ఉన్నది. క్షమాపణ చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను గాని, చీకట్లో ఆపి మాట్లాడితే మళ్లీ భయపెట్టినట్లే అని మానుకున్నాను. దూరాన్నే దగ్గుతాను. మొన్న ఆవిడ నా దగ్గు విని, వెనుదిరిగి చూడకుండా, తన నడక తాను నడుస్తూ పోయింది. అంతకంటె పెద్ద నమస్కారం నేను కోరను.