యాభై పిల్లులు... ఒక్క పడవ!

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ నుంచి బయటికొచ్చి పడమర వైపు ఓ పది నిమిషాలు నడిస్తే సింగెల్ కాలువ వస్తుంది. ఒకప్పుడు ఊరి రక్షణ కోసం తవ్విన కందకం అది. ఇప్పుడు రెండు గట్ల మీదా సన్నగా పొడవుగా నిలబడ్డ పాత ఇళ్లు, వంతెన కమ్మీలకు ఆనించిన సైకిళ్లు, గుండ్రటి రాగి గుమ్మటంతో లూథరన్ చర్చి. నీళ్లలో వరసగా పడవ ఇళ్లు. నగరం మొత్తమ్మీద అలాంటివి సుమారు 2,500 ఉన్నాయి. అందుకే వాటినెవరూ ప్రత్యేకంగా ఆగి చూడరు. ఒక్కదాన్ని తప్ప! దాని కిటికీలోంచి ఓ పిల్లి బయటికి చూస్తుంటుంది. ఇనుప జాలీ వెనక ఇంకోటి ఎండ కాచుకుంటుంది. లోపల... ఎటు చూసినా పిల్లులే.

ఆ పడవ పేరు పూజెన్‌బోట్. డచ్ భాషలో పిల్లుల పడవ అని అర్థం. దిక్కూమొక్కూ లేని పిల్లులకు అది ఆశ్రమం. ఒకేసారి యాభై దాకా ఉండే చోటుంది. వాటిలో మనుషులకు బొత్తిగా మచ్చిక కానివి కొన్ని జీవితాంతం అక్కడే ఉండిపోతాయి. మిగతావి ఎవరో ఒకరు వచ్చి ఇంటికి తీసుకెళ్లేదాకా ఎదురుచూస్తాయి.

చూడ్డానికి వచ్చే పిల్లల సంబరం సరే. ఇంట్లో పిల్లిని పెంచుతున్న పెద్దవాళ్లకు మాత్రం ముందు ఓ సందేహం వస్తుంది. చుట్టూ నీళ్లు. గోళ్లతో గీరడానికి పిడికెడు మట్టి లేదు. పెరడు లేదు. మరి ఇన్ని పిల్లులూ ఒంటికీ రెంటికీ ఎక్కడికి వెళ్తాయి?

ట్రేలలోకి. వయసొచ్చిన పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మూత్రం పోస్తుంది, ఒకసారి మలవిసర్జన చేస్తుంది. పడవ నిండుగా ఉన్న రోజున ఆ లెక్క రెండొందలకు చేరుతుంది! అదంతా మనుషులు చేత్తో గరిటె పట్టుకుని ఎత్తిపోయాల్సిందే. ఫొటోలు తీసుకునే పర్యాటకులకు కనబడని పని అది. పడవ నిలబడింది మాత్రం దాని మీదే.

చెట్టు కింద మొదలైంది

1966లో సింగెల్‌కు పక్కనే ఉండే హెరెన్‌గ్రాఖ్ట్ కాలువ గట్టున హెన్రియెట్ వాన్ వీల్డే అనే ఆవిడ ఉండేవారు. ఇంటి ఎదుట చెట్టు కింద ఓ తల్లిపిల్లి కూనలతో సహా తలదాచుకోవడం చూసి జాలిపడి లోపలికి తెచ్చుకున్నారు. కొన్నాళ్లకు దానికి తోడుగా ఇంకోటి వచ్చింది. 'పిల్లులావిడ' అని ఒకసారి పేరు పడ్డాక చెప్పేదేముంది... ఊళ్లోవాళ్లే తెచ్చి అప్పగించడం మొదలెట్టారు. గదులు నిండాయి. డాబా నిండింది. పడవల్లో మనుషులు కాపురాలు చేస్తుంటే పిల్లులు ఎందుకు ఉండకూడదన్న ఆలోచన అప్పుడే వచ్చింది. 1968లో ఓ పాత తెరచాప పడవ కొని, లోపలి భాగాన్ని వాటికి తగ్గట్టు మార్పించారు. అదీ చాలక 1971లో రెండోది. 1979లో మొదటి పడవ స్థానంలో పిల్లుల కోసమే కట్టించిన తేలే ఇల్లు వచ్చింది. 1987లో అది అధికారికంగా ఒక ఫౌండేషన్ అయింది. హెన్రియెట్ 2005లో కన్నుమూశారు. గిన్నెలు కడగడం, ట్రేలు శుభ్రం చేయడం లాంటి పనులను స్వచ్ఛంద సేవకులు పంచుకుంటున్నారు.

ఇక్కడో చిత్రం చెప్పుకోవాలి. 2010ల దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలా పడవ ఇళ్ల మురుగు నేరుగా కాలువలోకే పోయేది. తర్వాతే వాటిని నగర డ్రైనేజీకి కలిపారు. అంటే అన్నేళ్లూ ఆ కాలువలో పద్ధతిగా కప్పెట్టుకున్నది పిల్లులొక్కటే!

65 సెంట్ల సంచి

నీళ్ల మీద ఇన్ని పిల్లులను ఉంచగలగడం ట్రేలో పోసే మట్టి గుళికల పుణ్యమే. అవి మరీ పాతవేం కాదు. ఒకప్పుడు అమెరికాలో, ఐరోపాలో పిల్లి కోసం ఓ పెట్టెలో ఇసుకో, పొయ్యిలోని బూడిదో, చించిన కాగితాలో వేసేవారు. లేదంటే రాత్రికి బయటికి పంపి తలుపేసుకునేవారు. 1947 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని కసోపోలిస్ అనే చిన్న ఊళ్లో చలికి ఓ ఇల్లాలి ఇసుక గడ్డకట్టుకుపోయింది. బూడిద వేస్తే ఇల్లంతా నల్లటి పిల్లి అడుగులు! వెళ్లి పొరుగునున్న ఎడ్వర్డ్ లోవ్‌ను ఇసుక అడిగింది. ఫ్యాక్టరీల్లో నేల మీద ఒలికిన నూనెను పీల్చేందుకు రంపపు పొట్టు, మట్టి గుళికలు అమ్మే కుటుంబం వాళ్లది. ఇసుక బదులు అతను ఓ సంచి గుళికలు ఇచ్చాడు. అది ఫుల్లర్స్ ఎర్త్... మనవాళ్లు ముఖానికి పట్టించుకునే ముల్తానీ మట్టే!

ఆవిడ మళ్లీ అదే కావాలంది. లోవ్‌కు ఆలోచన తట్టింది. రెండుంబావు కిలోల సంచుల మీద 'కిట్టీ లిట్టర్' అని రాసి 65 సెంట్ల ధర పెట్టాడు. ఇసుక కారుచౌకగా దొరుకుతుంటే ఇదెవరు కొంటారని దుకాణదారు పెదవి విరిచాడు. అయితే ఊరికే ఇవ్వమన్నాడు లోవ్. ఊరికే పట్టుకెళ్లినవాళ్లే తర్వాత డబ్బులిచ్చి కొన్నారు. 1990లో అతను కంపెనీని అమ్మితే వచ్చింది సుమారు 20 కోట్ల డాలర్లు. 1980ల్లో వచ్చిన గడ్డకట్టే రకంతో పని ఇంకా సులువైంది. తడి తగలగానే ఉండ కడుతుంది, ఆ ఉండను మాత్రం తీసేస్తే సరిపోతుంది. దానికి వాడేది బెంటొనైట్ అనే బంకమట్టి. మన గుజరాత్‌లోని కచ్‌లో అది దండిగా ఉంది. అక్కడి నుంచి ఓడలెక్కి దేశదేశాల పిల్లుల ట్రేల్లోకి చేరుతోంది.

పగ కాదు... ఇబ్బంది

ఆశ్రమాలకు పిల్లుల్ని తెచ్చి అప్పగించేవాళ్లు చెప్పే కారణాల్లో తరచూ వినబడేది ఒకటుంది. ట్రేలో పోయడం లేదు, పరుపు మీద పోస్తోంది! అంతవరకూ ఒళ్లో పడుకున్న పిల్లి ఆ ఒక్క కారణంతో వీధిన పడుతుంది. 'రెండోదాన్ని తెచ్చామని కక్ష కట్టింది' అని కూడా అంటుంటారు. పిల్లికి అలాంటి కక్షలు తెలీవు. పెంపుడు పిల్లులకు మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల్లో తిరిగే అడవిపిల్లి. ఇసుకలాంటి మెత్తటి నేలను గీరి, పని కానిచ్చి, వాసన బయటికి రాకుండా కప్పేయడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ అలవాటుకు ట్రే సరిపోకపోతేనే వేరే చోటు వెతుక్కుంటుంది. మురికిగా ఉంటే, ఇరుకుగా ఉంటే, సెంటు వాసన వేస్తే, వాషింగ్ మెషీన్ పక్కన పెడితే... దాని లెక్కలో అది పనికిరాని చోటు.

రెండు మూడు పిల్లులున్న ఇంట్లో ఇంకో చిక్కుంది. పైకి కొట్లాడుకోవు. కానీ ఒకటి వెళ్లి ట్రేకి వెళ్లే దారిలో తాపీగా పడుకుంటుంది. చూసేవాళ్లకు అది నిద్రపోతున్నట్టే ఉంటుంది. రెండోదానికి మాత్రం అది కాపలా! కాలు కాలిన పిల్లిలా కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి సోఫా వెనక కానిచ్చేస్తుంది. తన్నులు తినేది అదే. దారి కాసినది హాయిగా నిద్రపోతుంటుంది.

అందుకే పశువైద్యులు ఓ లెక్క చెబుతారు... ఎన్ని పిల్లులుంటే అన్ని ట్రేలు, పైన ఇంకోటి. రెండుంటే మూడు. మూడుంటే నాలుగు. ఇంట్లో అన్ని ట్రేలా అని ముఖం చిట్లించుకోవచ్చు గానీ, అసలు తప్పు జరిగేది సంఖ్యలో కాదు. మూడింటినీ తెచ్చి బాల్కనీలో ఒకే వరసలో పెడతారు! పిల్లి దృష్టిలో అది మూడు చోట్లు కాదు, ఒక్కటే. దారి కాసేది ఒకచోట కూర్చుంటే మూడూ మూతపడ్డట్టే. ఒకటి బాల్కనీలో, ఒకటి పడగ్గది మూలన, ఒకటి స్నానాలగది పక్కన... ఇలా విడివిడిగా ఉంటేనే ఆ లెక్కకు అర్థం. మూల మరీ ఇరుకైతే తప్పించుకునే దారి ఉండదు కాబట్టి రెండువైపుల నుంచీ వెళ్లగలిగేలా చూడాలి. తిండిగిన్నె పక్కన మాత్రం వద్దు. వంటింట్లో మరుగుదొడ్డి మనకూ నచ్చదు కదా!

పడవ మీద యాభై ఒక్క ట్రేలకు విడివిడి మూలలు ఎక్కడివి? అంత చోటు లేనప్పుడు ఉన్న ఉపాయం ఒక్కటే... పదేపదే శుభ్రం చేయడం. ఇళ్లల్లో రోజుకు రెండుసార్లు ఉండలు తీసేస్తే చాలు.

ట్రే పెద్దదైతే సగం గొడవ తీరుతుంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుంటుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. దుకాణాల్లో అమ్మేవి చాలావరకు అంత ఉండవు. బట్టలు సర్దుకునే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాకు ఓ పక్క కిందికి కోసేస్తే చవకలో అయిపోతుంది. కీళ్లనొప్పులున్న ముసలి పిల్లికి ఆ తక్కువ ఎత్తు అంచు ఎంతో మేలు. లిట్టర్ రెండుమూడు అంగుళాల మందాన పోస్తే సరిపోతుంది.

ఫినాయిల్ సీసా పక్కన పెట్టండి

మన ఇళ్లల్లో వాసన అనగానే చెయ్యి ఫినాయిల్ సీసా మీదికి పోతుంది. పిల్లి ఉన్న ఇంట్లో అది ప్రమాదం. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఫినాయిల్ తుడిచిన ట్రేలో కాలు పెట్టి, ఆ కాలే నాకి శుభ్రం చేసుకుంటుంది. విషం లోపలికి వెళ్లడానికి అంతకంటే ఏం కావాలి? అమ్మోనియా కలిసిన క్లీనర్లదీ ఇంకో తంటా. ఆ ఘాటు మూత్రం వాసనను గుర్తుచేస్తుంది కాబట్టి తుడిచిన చోటే మళ్లీ పోసే వీలుంది. వారానికో, పదిరోజులకో లిట్టర్ మొత్తం పారబోసి, వాసన లేని సబ్బునీళ్లతో కడిగి, ఎండబెడితే చాలు. పాత లిట్టర్‌ను మరుగుదొడ్డిలో పోస్తే ఆ మట్టి ఉబ్బి గొట్టాలు పూడుకుపోతాయి. సంచిలో కట్టి చెత్తబుట్టలో వేయాల్సిందే.

ఇంట్లో గర్భిణి ఉంటే ట్రే పని వేరేవాళ్లు చూసుకోవాలి. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లలాంటివి ఉంటాయి. అవి ఇతరులకు సోకే స్థితికి రావడానికి కనీసం ఒకరోజు పడుతుంది. ఏ రోజుకారోజు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. దాని కోసం పిల్లినే వదిలేయక్కర్లేదు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. మగపిల్లి పదేపదే ట్రేలోకి వెళ్లి, ముక్కుతూ మూలుగుతూ చుక్క కూడా రాకుండా వెనక్కొస్తే మలబద్ధకం అనుకుని ఊరుకోకూడదు. మూత్రనాళం పూడుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ట్రేని రోజూ చూసేవాళ్లకే ఈ తేడా తెలుస్తుంది. తోక నిటారుగా ఎత్తి వణికిస్తూ గోడ మీదికి చిమ్మడం వేరు. అది హద్దులు గీసుకోవడం. ఆపరేషన్ చేయిస్తే చాలా మగపిల్లుల్లో ఆగిపోతుంది.

ఆశ్రమం నుంచి పిల్లిని తెచ్చుకునేవాళ్లు ఓ మాట అడిగి రావడం మంచిది... అక్కడ ఏ రకం లిట్టర్ వాడారని. పిల్లి చోటును గుర్తుపట్టేది ముక్కుతోనూ పాదం స్పర్శతోనూ. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త వాసనల మధ్య కాళ్ల కింద ఆ మట్టయినా పాతదైతే దానికి అదో ధైర్యం. కొన్నాళ్లయ్యాక వేరే రకానికి మార్చాలనుకుంటే పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. ఇంట్లో అప్పటికే ఓ పిల్లి ఉంటే కొత్తదాన్ని మొదటి కొద్దిరోజులు తలుపేసిన గదిలో ఉంచాలి. దాని ట్రే దానికి. పాతదాని ట్రే కదల్చకుండా ఉన్నచోటే. మూడో ట్రే ఎక్కడ పెట్టాలో రెండూ కలిసి తిరగడం మొదలెట్టాక, ఎవరు ఎవరికి దారి కాస్తున్నారో చూసి నిర్ణయించుకోవచ్చు.