లాంచీలో ఒక పాఠం

విహారయాత్ర అనగానే పిల్లలకు పులిహోర పొట్లాలు, పెద్దలకు ఖర్చు గుర్తుకు వస్తాయి. "పుస్తకంలో ఉన్నదాన్ని చూడడానికి అంత దూరం పోవాలా?" అని అడిగే తండ్రులు ఎప్పుడూ ఉంటారు. అటువంటివారు ఒక్కసారి నాగార్జునకొండ లాంచీ ఎక్కాలి.

మేము ఎక్కిన లాంచీ నిండా కాలేజీ విద్యార్థులే. ఒకటే పాటలు, కేకలు! నడినీళ్ళకు వచ్చాక వారి మాస్టారు లేచి, "ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ళ అడుగునే ఉన్నది" అన్నారు. పాట ఆగిపోయింది. అందరూ వంగి చూశారు. నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

డ్యాము కడితే లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను కొండమీదా, అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు. ఒకనాడు సింహళ భిక్షువులు సముద్రం దాటి ఈ లోయకు వచ్చారు. సింహళ విహారం పేరు ఇక్కడి శాసనంలో ఉన్నది. దూరం పోయి నేర్చుకోవడం ఈ చోటికి కొత్త కాదు.

తిరుగు ప్రయాణంలో ఒక అమ్మాయి అడిగింది: "రాళ్ళను మోసుకుపోయారు సరే, మాస్టారూ! ఊళ్ళో మనుషులు ఎక్కడికి పోయారు?"

మాస్టారు జవాబు వెతుక్కుంటున్నారు. ఇంతలో మిర్యాలగూడ కుర్రవాడు మెల్లగా అన్నాడు: "మా పొలానికి పారేది ఈ నీళ్ళేనండీ."

ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. ఆ ఇద్దరూ ఒకే లాంచీలో కూర్చోకపోతే అసలు పుట్టేదే కాదు. ఖర్చుకు లెక్క అడిగే తండ్రులకు ఇంతకంటే ఏమి చెప్పాలి?