కడలమిఠాయి ఊళ్లో శెనక్కాయ పడని మనవడు

పోయిన కులదేవత పూజలో మా మనవడు విందుకు కూర్చోలేదని, ప్రసాదం కూడా ముట్టలేదని కొందరు నొచ్చుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాము.

వాడికి శెనక్కాయ పడదు. మాలో ఒకరిది కోవిల్‌పట్టి, ఇంకొకరిది విరుదునగర్. ఒక పక్క మిఠాయి, ఇంకో పక్క నూనె. అలాంటి ఇంట్లో ఈ మాట చెబితే ఎవరు నమ్ముతారు? మేమే నమ్మలేదు. వాడికి రెండేళ్లప్పుడు అమెరికా పోతూ కడలమిఠాయి తీసుకుపోయి, చిటికెడంత ముక్క నోట్లో పెట్టింది మేమే. పది నిమిషాల్లో పెదాలు ఉబ్బి, ఊపిరి ఈల వేసింది. అంబులెన్సులో సూది వేసేదాకా మా కోడలు మా వైపు చూడలేదు.

ఇప్పుడు వాడికి ఆరేళ్లు. నోటి ద్వారా ఇచ్చే ఇమ్యునోథెరపీ నడుస్తోంది. మందు పేరు పాల్‌ఫోర్జియా, నిజానికి అది కొలిచిన శెనక్కాయ పొడే. మన మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చిన 2020లోనే, జనవరిలో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటిరోజు ఆసుపత్రిలో అర మిల్లీగ్రాము ప్రొటీన్‌తో మొదలుపెడతారు. ఒక పప్పులో దాదాపు 300 మిల్లీగ్రాముల ప్రొటీన్ ఉంటుంది, లెక్క చూసుకోండి. తర్వాత రెండు వారాలకొకసారి డాక్టరు కళ్లముందే మోతాదు పెంచుతూ, ఆరు నెలలకు ఆ 300కు చేరుస్తారు. చల్లటి పెరుగులో కలిపి రోజూ తినాలి. తిన్నాక పరుగులు, వేడినీళ్ల స్నానం కొంతసేపు వద్దు. జ్వరం వస్తే డాక్టరును అడగాలి.

"మేమూ ఇంట్లో కొంచెం కొంచెంగా అలవాటు చేస్తాములే" అని ఒక అన్నగారు ప్రేమతోనే అన్నారు. అన్నా, పప్పులో ఆరువందలో వంతు మన చేతికి అందదు. 2018లో వచ్చిన పెద్ద పరీక్షలో మందు తీసుకున్న పిల్లల్లో నూటికి 67 మంది చివరికి రెండు పప్పులంత తట్టుకున్నారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో నలుగురే. కానీ డాక్టర్ల చేతిలో ఉన్నా మందు తీసుకున్నవాళ్లలో నూటికి 14 మందికి ఎపినెఫ్రిన్ సూది అవసరమైంది. పైగా ఇది జబ్బును పోగొట్టదు. పొరపాటున ఒక ముక్క నోట్లో పడితే ప్రాణం మీదికి రాకుండా కాపాడుతుంది, అంతే. మామూలు శెనక్కాయ వాడికి ఇప్పటికీ నిషేధమే.

నూనె సంగతి చాలామంది అడిగారు. బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు. మన గానుగ నూనెలో మిగిలిపోతుంది. విందు వంటంతా గానుగ నూనెతోనే కదా! అందుకే వాడు ఆకు ముందు కూర్చోలేదు. దేవతమీద భక్తి లేక కాదు.

వచ్చే పూజకు మళ్లీ వస్తున్నాడు. ఈసారి మా పక్కనే కూర్చుంటాడు, ఇంటినుంచి తెచ్చిన డబ్బాలో అన్నం తింటాడు. సూది పెన్ను మా సంచిలో ఉంటుంది, ఎలా పొడవాలో యువజన విభాగంలో ఇద్దరికి నేర్పిస్తాము. ముద్దొచ్చి ఏమైనా పెట్టాలనిపిస్తే మీ చేత్తో అరటిపండు ఒలిచి ఇవ్వండి. ముందు చెయ్యి సబ్బుతో కడుక్కోండి, చాలు.