మొలతాటి తాళపుచెవులు

మా యింటి నడవలో, గోడగూటియందు, అరచేతిలో నిముడునంతటి యంత్రమొకటి రేయింబవళ్లు మేలుకొని యుండును. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. మా చిత్రములు, పత్రములు పరుల భాండాగారములందు అద్దెకుండుట యేలయని, అడిగినవారికి అడిగిన దందించు సర్వరును మూడేండ్ల క్రిందట మేమే యింట నెలకొల్పితిమి. స్వతంత్రులమైతిమని మురిసితిమి. ఆ స్వాతంత్ర్యము మా యింట నెందరికి దక్కినదో మాత్రము విచారింపమైతిమి.

తొలి యాటంకము చిరునామా. ఐపీవీ4 పద్ధతిలో చిరునామాలు 32 బిట్లవి. అన్నియు గలిపి సుమారు 430 కోట్లే. ప్రపంచ నిల్వలోని తుది భాగములు 2011 ఫిబ్రవరిలోనే పంచబడినవి. అందుచే ఇంటర్నెట్టు నిచ్చు సంస్థలు పెక్కిండ్లకు ఒక్క చిరునామానే సర్దుచుండును. అట్టి యింటివారు వెలుపలికి పోగలరు గాని, వెలుపలినుండి వచ్చినవాడు ఏ యింటి తలుపు తట్టవలయునో యెరుగడు. 128 బిట్ల ఐపీవీ6 ఇందుకు మందే. కాని యది యన్నిచోట్ల నింకను లేదు. కావున నెలనెల కొంత సొమ్ము అదనముగా చెల్లించి స్థిరమైన చిరునామా పొందితిమి.

తలుపు తెరచిన నాడే దొంగలు వచ్చిరి. వారు మనుష్యులు కారు. లోకమంతయు గాలించు యంత్రములు. 'రూట్' అనియు 'అడ్మిన్' అనియు పేర్లు చెప్పుకొని తెల్లవార్లు తలుపు తట్టిన గుర్తులు చిట్టాలో కనబడినవి. సంకేతపదముతో లోనికి వచ్చు మార్గమును మూసి, మా కంప్యూటరులోని రహస్యపు తాళపుచెవికి మాత్రమే తెరచుకొనునట్లు చేసితిమి. మా బుద్ధిని మేమే మెచ్చుకొంటిమి.

గత జ్యేష్ఠమాసమున మేము రైలు ప్రయాణములో నుండగా ఇంట కరెంటు పలుమారులు పోయి వచ్చినది. మెమొరీ కార్డు చెడి యంత్రము మరల లేవలేదు. చిత్రకళా విద్యాలయమున ప్రవేశమునకై అమ్మాయి రెండు నెలలు శ్రమించి కంప్యూటరుపై గీసిన బొమ్మలు ఆ సాయంకాలములోగా పంపవలసి యుండెను. బొమ్మలు యంత్రములో, వాని మారుప్రతులు బీరువాలోని డిస్కులో, ఆ డిస్కు సంకేతపదము మా తలలో. మా ఫోను అందునప్పటికి గడువు దాటినది. ఆ విద్యాలయము అమ్మాయికి ఆ యేటికి తప్పినది.

మా యిల్లాలు కోపింపలేదు. "ఇల్లు మనదంటారు. తాళంచెవులన్నీ మీ మొలతాటికే ఉన్నాయేమండీ?" అని మాత్రమడిగినది.

తాళపుచెవుల గుత్తి మొలకు కట్టుకొని, మానెడు బియ్యమునకైనను ఆడవారిచే నడిగించుకొను పెద్దలను మేము సభలలో నెన్ని మారులు నిందింపలేదు! గుత్తి రూపు మారగానే మా గుణమును మేమే పోల్చుకొనలేకపోతిమి.

ఇప్పుడు అన్ని మెట్లును సులభమైన తెలుగున వ్రాసిన పుస్తకమొకటి బీరువాలో నున్నది; దాని ప్రతి యొకటి మా బావమరది యింట నున్నది. ఒక ఆదివారము మేము చేతులు ముడుచుకొని కూర్చుంటిమి. ఇల్లాలును అమ్మాయియు ఆ పుస్తకమును చూచుకొనుచు కొత్త కార్డుపై యంత్రమును లేపిరి. ఒక పూట పట్టినది. మేము తప్పు వ్రాసిన రెండు మెట్లు వారే దిద్దిరి.

చదువరులారా, మీ యింట సర్వరు లేకపోవచ్చును. బ్యాంకు, బీమా, విద్యుత్తు బిల్లు వీని సంకేతపదము లెవరి మొలతాటికి వ్రేలాడుచున్నవో ఈ రాత్రియే యొకమారు తడిమి చూచుకొనుడు.