పల్లెవెలుగు కోసం

13 జులై 2022, గ్రెనోబుల్

ఇవాళ టూర్ దె ఫ్రాన్స్ సైకిలు పందెం గ్రనాన్ కనుమ ఎక్కింది. మీటింగులో ఫోను బల్ల కింద పెట్టుకుని చూశాను. ముందంజలో ఉన్న పొగాచర్ చివరి ఎక్కుడులో ఉన్నట్టుండి డీలాపడ్డాడు. దాదాపు మూడు నిమిషాలూ, ముందున్నవాడు తొడుక్కునే పసుపు జెర్సీ కూడా వింగెగార్డ్ పాలు. అదే సమయంలో మేనేజరు నన్నేదో అడిగాడు. ‘అవును’ అన్నాను. దేనికి అవునన్నానో ఎల్లుండి తెలుస్తుంది. రేపు సెలవు.

14 జులై, ఆల్ప్ దుయెజ్

కార్లను రానివ్వరు కాబట్టి బూర్గ్ ద్వాజాన్ నుంచి నడక. మలుపులకు కింది నుంచి లెక్క: 21తో మొదలై ఒకటితో ముగుస్తాయి. ఒక్కో మలుపు దగ్గర ఇక్కడ గెలిచినవాళ్ల పేర్లతో బోర్డు. తిరుమల మెట్లెక్కిన కాళ్లని బడాయి పోయానుగానీ, పన్నెండో మలుపుకే మోకాళ్లు మొరాయించాయి. ఏడో మలుపు డచ్చివాళ్ల జాగీరు. అంతా నారింజరంగు చొక్కాలు, బీరు, చెవులు చిల్లులు పడే పాటలు.

ముందు కంపెనీల ప్రచార బళ్లొచ్చాయి. చుక్కల టోపీ ఒకటి గాల్లోనే పట్టాను. ఎండు సాసేజి పొట్లం కూడా దొరికింది. మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదని పక్కాయనకిచ్చేశాను.

సాయంత్రం అందరికంటే ముందు పిడ్‌కాక్ వెళ్లాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, గాలిబియే కనుమ దిగుడులో గంటకు వంద కిలోమీటర్లు దాటించాడట. నాకు దక్కింది రెండు క్షణాలు, ఒక వీపు. జనంలో సగంమంది అప్పుడే దిగడం మొదలుపెట్టారు.

నేను కదల్లేదు. నేనొచ్చింది వెనకవాళ్ల కోసం. విజేత సమయానికి ఇంత శాతం అని కలిపి గడువు కడతారు. అది దాటితే మర్నాడు ఇంటికే. అందుకే కొండలెక్కలేని స్ప్రింటర్లంతా జట్ల తేడా మరిచి ఒక గుంపు కడతారు. దాన్ని ఇక్కడ ‘ఆటోబస్’ అంటారు. ఎక్స్‌ప్రెస్ కాదు, మన పల్లెవెలుగు: నిదానంగా వస్తుంది, అందర్నీ ఎక్కించుకుంటుంది, వేళకి చేరాలి.

చాలాసేపటికి వచ్చింది. మాటల్లేవు, గొలుసుల కిరకిర, ఆయాసం. ఒకతని నల్ల నిక్కరు మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా చారలు కట్టింది, వర్షాకాలంలో గోడకి ఉప్పు పూసినట్టు. ముక్కు కొసన వేలాడుతున్న బొట్టుని తుడుచుకునే ఓపిక కూడా లేదు. చేయి చాపితే తగిలేంత దగ్గర. స్ప్రింటర్ జేకబ్సన్ కోసం వెతికానుగానీ, ఆ వరసలో ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయి.

20 జులై, ఇల్లు

ఇవాళ పందెం పెరగూద్ కొండ మీదికి, చూసింది టీవీలో. పొగాచర్ గెలిచాడు, సరే. నా కళ్లు గడియారం మీద ఉన్నాయి. 2020 ఆగస్టులో పోలండ్‌లో ముగింపు గీత దగ్గర కంచెలోకి పడి, ముఖానికి 130 కుట్లు వేయించుకుని, ఒక్క పన్నుతో మిగిలిన మనిషి జేకబ్సన్. ఈ నెల 2న డెన్మార్క్‌లో స్ప్రింటు కొట్టాడు. అతని పోరాటం ఇవాళ గెలవడానికి కాదు, రేపు బయల్దేరడానికి. విమానాల రన్‌వే మీద ఆఖరి ఎక్కుడు, గోడలా ఉంది. సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. గడువుకి కొద్ది సెకన్లు మిగిలుండగా గీత దాటాడు. నేను సోఫా మీదకెక్కి అరిచాను.

‘గెలిచాడా?’ వంటింట్లోంచి మా ఆవిడ.

‘లేదు, ఇంటికి పోకుండా బయటపడ్డాడు.’

‘దానికా ఇంత గోల! పప్పు మాడుతున్న వాసనొస్తోంది, పొయ్యి చూడమన్నది నిన్నే కదా.’